దయ్యాలను పట్టేవాళ్లూ, వాళ్ల అభిమానులూ

2024 మార్చిలో అమెరికాలో 'ఘోస్ట్‌బస్టర్స్: ఫ్రోజెన్ ఎంపైర్' అనే చిత్రం విడుదలయింది. 1984లో మొదలైన దయ్యాల హాస్యచిత్రాల పరంపరలో ఇది అయిదవది. విమర్శకుల్లో సగానికన్నా తక్కువమందే దీన్ని మెచ్చుకున్నారు. డబ్బిచ్చి చూసిన ప్రేక్షకుల్లో మాత్రం ఎక్కువమంది బాగుందన్నారు. ఇలాంటి తేడా వచ్చినప్పుడు సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ప్రేక్షకుల అభిరుచి చెడిపోయిందనేది ఒకటి, విమర్శకులకు జనం నాడి తెలియదనేది రెండవది. ఈ రెండూ ఆలోచనను అక్కడితో ఆపేసే మాటలే. అభిమానులు దేన్ని మెచ్చుకున్నారు, దేనిమీద కోప్పడ్డారు, ఆ మెప్పుకూ కోపానికీ మూలం ఎక్కడుంది అని అడిగినప్పుడే విమర్శ మొదలవుతుంది. అలా అడగటానికి ఈ పరంపర నలభై ఏళ్ల చరిత్ర మంచి ఆధారం.

మొదటి చిత్రం కథ చాలామందికి తెలిసిందే. న్యూయార్క్‌లో ఒక విశ్వవిద్యాలయం ముగ్గురు పరిశోధకులను బయటికి పంపుతుంది. వాళ్లలో ఒకడు తల్లిదండ్రులు వదిలివెళ్లిన ఇల్లు తాకట్టు పెడతాడు. ఆ డబ్బుతో పాత ఫైర్‌స్టేషన్ తీసుకుని, దయ్యాలను పట్టే వ్యాపారం పెడతారు. పెద్ద హోటల్లో ఒక దయ్యాన్ని పట్టి 5,000 డాలర్ల బిల్లు చేతిలో పెడతారు. దయ్యమనేది పాపభీతికో, తీరని కోరికకో, అన్యాయంగా పోయిన ప్రాణానికో గుర్తుగా ఉండేది. ఇక్కడ అది నల్లుల బెడదలాంటిది అయిపోయింది. మనిషిని పిలిపించి, మందు కొట్టించి, డబ్బిచ్చి పంపితే సరిపోతుంది. ఈ చిత్రంలోని హాస్యానికి మూలం ఇదే. ఆ హాస్యం నిజంగానే బాగుంది. డాన్ ఎక్రాయిడ్, హెరాల్డ్ రేమిస్ రాసిన సంభాషణలలో, బిల్ మరే నటనలో ఉన్న చురుకుదనాన్ని కాదనవలసిన అవసరం లేదు.

అయితే ఆ హాస్యం ఎవరివైపు నిలబడి నవ్వుతున్నది? చిత్రంలో దయ్యాలకన్నా ఎక్కువగా అసహ్యించుకోదగ్గవాడుగా కనిపించేవాడు వాల్టర్ పెక్ అనే ప్రభుత్వోద్యోగి. పర్యావరణ రక్షణశాఖ తరఫున వచ్చి, ఊరి నడిబొడ్డున అనుమతి లేకుండా ప్రమాదకర పదార్థం ఎందుకు నిలవచేశారని అడుగుతాడు. అడగవలసిన ప్రశ్న అది. కాని చిత్రం అతన్ని మూర్ఖుడుగా, అహంకారిగా చూపిస్తుంది. అతను యంత్రాన్ని ఆపించినందువల్లనే పేలుడు జరిగి దయ్యాలు ఊరిమీద పడతాయి. రీగన్ ప్రభుత్వం వ్యాపారాలపై ఆంక్షలను సడలిస్తూ, ఇదే పర్యావరణశాఖను బలహీనపరుస్తున్న రోజులవి. చిత్రం 1984 జూన్‌లో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో భోపాల్‌లో అమెరికన్ కంపెనీ యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో విషవాయువు లీకై వేలమంది చనిపోయారు. అక్కడ రక్షణ యంత్రాలను ఆపి ఉంచింది ప్రభుత్వ తనిఖీదారు కాదు, కంపెనీయే. ఈ హాస్యచిత్రానికీ ఆ ఘోరానికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. జీవితంలో జరిగేదాన్ని తలకిందులు చేసి చూపించి నవ్వించగల శక్తి కళకు ఉన్నదని, ఆ నవ్వులో భావజాలం సునాయాసంగా దూరిపోతుందని మాత్రమే చెబుతున్నాను.

ఈ చిత్రంలో ఇంకొక పాత్ర ఉంది. విన్‌స్టన్ అనే నల్లజాతి మనిషి ఉద్యోగం కోసం వస్తాడు. దయ్యాలను నమ్ముతావా అని అడిగితే, జీతం సక్రమంగా ఇస్తే ఏదైనా నమ్ముతానంటాడు. చిత్రం మొత్తంలో భౌతికవాస్తవానికి అతి దగ్గరగా ఉన్న మాట అదే. ఆ పాత్ర ధరించిన ఎర్నీ హడ్సన్ తర్వాతి కాలంలో తన అనుభవాన్ని చెప్పాడు. తాను మొదట చదివిన స్క్రిప్టులో విన్‌స్టన్ 8వ పేజీలోనే వస్తాడు. షూటింగ్ మొదలయ్యే ముందురోజు చేతికొచ్చిన ప్రతిలో 68వ పేజీకి జరిగిపోయాడు. ప్రకటనల పోస్టర్‌పై ముగ్గురు తెల్లవాళ్లే కనిపించారు. ఈ సంగతి మున్ముందు మనకు అవసరమవుతుంది.

చిత్రం పెద్ద లాభం తెచ్చింది. 1986లో పిల్లల కార్టూన్ ధారావాహిక వచ్చింది, బొమ్మలు వచ్చాయి, 1989లో రెండవ చిత్రం వచ్చింది. మొదటి చిత్రం వచ్చినప్పుడు కొలంబియా పిక్చర్స్ కోకాకోలా కంపెనీ చేతిలో ఉంది. 1989లో దాన్ని సోనీ కొన్నది. దయ్యాలను పట్టేవాళ్లు ఎక్కడికీ పోలేదు, వాళ్ల సొంతదారు మాత్రం మారాడు. ఈలోగా ఆ బొమ్మలతో ఆడుకున్న పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కొందరు సొంత చేతులతో ఆ యంత్రాలను, దుస్తులను తయారుచేసుకుని, ఊరూరా బృందాలుగా ఏర్పడి, పిల్లల ఆసుపత్రులకు, విరాళాల సేకరణకు వెళుతున్నారు. దీన్ని వెర్రి అని కొట్టిపారెయ్యకూడదు. ఆడుకోవాలనే కోరిక, నలుగురితో కలవాలనే కోరిక, చేత్తో ఒక వస్తువు చెయ్యాలనే కోరిక అందులో ఉన్నాయి. మార్కెట్టు చేసిందల్లా, ఈ కోరికలు ఒక ట్రేడ్‌మార్కు నీడలో తప్ప ఇంకెక్కడా తీరే వీలులేని స్థితిని తీసుకురావటం.

కథను మళ్లీమళ్లీ చెప్పటం తప్పు కాదు. చందమామలో బేతాళ కథలు దశాబ్దాలపాటు ఒకే వాక్యాలతో మొదలై ఒకేలా ముగిసేవి. పాఠకుడు ఆ మొదలునూ ముగింపునూ కోరుకునేవాడు కూడా. కాని మధ్యలో ప్రతిసారీ ఒక కొత్త చిక్కుప్రశ్న ఉండేది, విక్రమార్కుడు దానికి జవాబు చెప్పి తీరవలసివచ్చేది. జానపద కథలో అయితే వినేవాడికి ఇంకా ఎక్కువ స్వాతంత్య్రం ఉంది. బుర్రకథ చెప్పేవాడు జనం ముఖాలు చూసి కథను సాగదీస్తాడు, కుదిస్తాడు. విన్నవాడు రేపు తన ఇంట్లో తన మాటల్లో చెబుతాడు. ఆ కథకు కొనసాగింపు రాయటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కంపెనీ సొత్తు అయిన కథలో శ్రోతకు మిగిలే హక్కు టిక్కెట్టు కొనటం లేదా కొనకపోవటం, ఆపైన మెచ్చుకోవటం లేదా తిట్టటం. కథకు నలభై ఏళ్లు మనసిచ్చి, దానిమీద ఏ హక్కూ లేనివాడు కాపలావాడుగా మారతాడు. తనది కాని తోటకు రాత్రింబగళ్లు కాపలా కాస్తాడు. అభిమాని ఆగ్రహాన్ని అర్థం చేసుకోవటానికి మనం చూడవలసింది ఈ స్థితినే.

2016లో అది బయటపడింది. పాల్ ఫీగ్ దర్శకత్వంలో నలుగురు స్త్రీలను ప్రధాన పాత్రలుగా పెట్టి కథను కొత్తగా మొదలుపెట్టారు. మార్చిలో ట్రైలర్ వచ్చింది. యూట్యూబ్‌లో అంతవరకు ఏ సినిమా ట్రైలర్‌కూ రానంత అయిష్టం దానికి వచ్చింది. చిత్రం చూడకముందే చిన్నతనం నాశనమైపోయిందన్నారు. జూలైలో చిత్రం విడుదలైన వారంలోనే, అందులో నటించిన లెస్లీ జోన్స్ అనే నల్లజాతి నటిపై ట్విటర్‌లో జాతివిద్వేషపు బూతులు కురిశాయి. ఆమె కొన్నాళ్లు అక్కడినుంచి తప్పుకోవలసివచ్చింది. ఆ దాడికి ఊతమిచ్చిన మైలో యనోపులస్ అనే మితవాద వ్యాఖ్యాతను ట్విటర్ శాశ్వతంగా బహిష్కరించింది.

అదే నటి పాత్ర గురించి అదే ట్రైలర్ చూసి ఇంకొక అభ్యంతరం కూడా వచ్చింది. ముగ్గురు తెల్లజాతి స్త్రీలను శాస్త్రజ్ఞులుగా చూపి, నల్లజాతి స్త్రీని మాత్రం భూగర్భ రైల్వే ఉద్యోగినిగా చూపారేమని కొందరు అడిగారు. శ్రామికురాలిని చూపటం తక్కువతనమేమీ కాదు కాబట్టి ఆ అభ్యంతరంతో మనం పూర్తిగా ఏకీభవించనక్కరలేదు. ఆ ఉద్యోగమే ఆమెకు ఊరి లోతుపాతుల జ్ఞానం ఇచ్చిందని చిత్రం చూపుతుంది కూడా. అయినా అది విమర్శ. విన్‌స్టన్‌కు 1984లో జరిగినదాన్ని గుర్తుపెట్టుకుని, చిత్రంలో ఉన్న విషయాన్ని పట్టుకుని వేసిన ప్రశ్న అది. బూతులు తిట్టినవారికి చిత్రంతో పనిలేదు. తోటలోకి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్నదే వాళ్ల పట్టింపు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి 'అభిమానుల స్పందన' అనటం పొరపాటు. అలాగే ఆ చిత్రం తమకు నచ్చలేదన్న ప్రతివారినీ స్త్రీద్వేషులనటం కూడా పొరపాటే. అందులో కథ పలచగా ఉంది, పాతవాళ్లు వచ్చి ముఖం చూపించి వెళ్లిన దృశ్యాలు అతికించినట్టున్నాయి. స్త్రీలు నటించారు కనక అభ్యుదయ చిత్రమని మనం సర్టిఫికెట్టు ఇవ్వనక్కరలేదు.

కంపెనీ లెక్క వేరు. ఆ చిత్రానికి 14 కోట్ల 40 లక్షల డాలర్లు ఖర్చయితే, ప్రపంచమంతా కలిపి సుమారు 23 కోట్లు వసూలయింది. ప్రచారం ఖర్చూ, థియేటర్ల వాటా తీసేస్తే అది నష్టమే. దానితో స్త్రీల బృందం కథ ఆగిపోయింది. మొదటి దర్శకుడు ఐవాన్ రైట్‌మన్ కుమారుడు జేసన్ రైట్‌మన్ తర్వాతి చిత్రం చేపట్టి, చిత్రాన్ని అభిమానులకు తిరిగి అప్పగిస్తున్నామన్న అర్థం వచ్చే మాటన్నాడు. విమర్శ రాగా, ఆ మాట అలా అనవలసింది కాదని సర్దుకున్నాడు. అప్పగింత నిజంగా జరిగిందా? హక్కు సోనీ దగ్గరే ఉంది. అభిమానులకు అప్పగించింది వాళ్ల సొంత జ్ఞాపకాలనే, అదీ టిక్కెట్టు వెలకు. 2021లో వచ్చిన ఆ చిత్రంలో పాత కారు, పాత యంత్రాలు, పాత సంగీతం ఒకటొకటిగా దుమ్ముదులుపుకుని వస్తాయి. 2014లో చనిపోయిన హెరాల్డ్ రేమిస్ ముఖాన్ని కంప్యూటర్‌తో తయారుచేసి దయ్యంగా నిలబెట్టారు. చాలామంది అభిమానులు కంటతడి పెట్టారు. ఆ కన్నీళ్లు నిజమైనవే. కాని దయ్యాలను చూసి నవ్వటం నేర్పిన చిత్రం చివరికి దయ్యానికి దండం పెట్టించే స్థితికి వచ్చింది.

2024 చిత్రానికి వచ్చిన స్పందనను ఈ నేపథ్యంలో చూడాలి. పాత ఫైర్‌స్టేషన్‌కు తిరిగిరావటం అభిమానులకు ఆనందమిచ్చింది. వాళ్ల ఫిర్యాదులు కూడా చాలావరకు సహేతుకంగా ఉన్నాయి. పాత్రలు మరీ ఎక్కువై ఎవరికీ చోటు చాలలేదన్నారు. మంచుతో చంపే ఆ పెద్ద భూతం ఎప్పుడో చివరికిగాని రాదన్నారు. బిల్ మరే హాజరు వేయించుకుని వెళ్లినట్టున్నాడన్నారు. పదిహేనేళ్ల ఫీబీకి ఒక దయ్యపు పిల్లతో కలిగిన అనుబంధాన్ని సగం చెప్పి వదిలేశారన్నారు. ఇవన్నీ శిల్పానికి సంబంధించిన మంచి పరిశీలనలు. ఏ సాహిత్య విద్యార్థి రాసినా సంతోషించదగ్గవి.

వాళ్లు ఏకకంఠంతో మెచ్చుకున్న విషయం విన్‌స్టన్‌కు దక్కిన స్థానం. అతనిప్పుడు ధనవంతుడు, బృందానికి కావలసిన పరిశోధనాలయాన్ని తన డబ్బుతో నడుపుతున్నాడు. నలభై ఏళ్లుగా అభిమానులు ఆ పాత్రకు జరిగిన అన్యాయాన్ని గుర్తుపెట్టుకుని అడుగుతూ వచ్చారు. అది వాళ్ల న్యాయబుద్ధికి నిదర్శనం. కాని కంపెనీ ఇచ్చిన జవాబు చూడండి. జీతం కోసం వచ్చినవాడికి గౌరవం కావాలంటే అతను యజమాని కావటం తప్ప వేరే దారి ఊహించలేకపోయింది. అభిమానులకు కూడా అది లోటుగా కనిపించలేదు. వాల్టర్ పెక్ కూడా తిరిగొచ్చాడు, ఈసారి నగర మేయరుగా. మైనరు పిల్లను ప్రమాదకరమైన పనిలో పెట్టకూడదని అడ్డం పడతాడు. ఈసారీ అడగవలసిన మాటే అడిగాడు, ఈసారీ ప్రేక్షకులు అతన్ని చూసి నవ్వారు. ఆ పిల్ల బాధ అర్థం కాక కాదు. ప్రశ్న అడిగేవాడు ఎప్పుడూ విలనే కావాలా అనే అనుమానం మాత్రం ఈ నలభై ఏళ్లలో అభిమానుల వాదోపవాదాల్లో ముందుకు రాలేదు. పాత్రల సంఖ్య గురించి అంత సూక్ష్మంగా మాట్లాడే ప్రేక్షకుడికి ఈ సంగతి తోచకపోవటం తెలివితక్కువవల్ల కాదు. చిన్నప్పుడు నవ్వుతో కలిసి లోపలికి వెళ్లిన అభిప్రాయాన్ని పెద్దయ్యాక బయటికి తీసి చూడటం కష్టం. ఆ పని విమర్శ చెయ్యాలి.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోనక్కరలేదు. 'ముని', 'కాంచన' వరస చిత్రాలను, 'రాజుగారి గది' భాగాలను మన ప్రేక్షకులూ చూశారు. మన అభిమాన సంఘాలు తారను కాపాడతాయి, అక్కడివారు ట్రేడ్‌మార్కును కాపాడతారు. ఇక్కడ ఆ కాపలాలోకి కులం దూరుతుంది, అక్కడ జాతి, పురుషాధిపత్యం దూరాయి. 'కాంచన'లో భూకబ్జాదారు దౌర్జన్యానికి బలైన హిజ్రా దయ్యమై వచ్చినప్పుడు, ప్రేక్షకుడు ఆమె పగతో ఏకమయ్యాడా, ఆమె నడకను చూసి నవ్వాడా, రెండూ చేశాడా? మన విమర్శకులు ఇలాంటి ప్రశ్నలు ఎంతవరకు అడిగారు?

జనం నవ్వేది మనకు చిన్నదనిపించి దాన్ని వదిలేస్తే, ఆ స్థలంలోకి వచ్చేవాడు పంపిణీదారు లేదా విద్వేష ప్రచారకుడు. 2016లో రెండవవాడు వచ్చాడు, 2021లో మొదటివాడు వచ్చాడు. అభిమానితో మాట్లాడేటప్పుడు అతని ప్రేమను వెక్కిరించకుండా, అతని ఫిర్యాదులో పనికివచ్చే భాగాన్ని వేరుచేసి, ఈ కథ ఎవరి సొత్తు, ఇందులో ఎవరిని చూసి నవ్వమంటున్నారు అనే రెండు ప్రశ్నలను అతని ముందు పెట్టాలి. అలా పెడితే వింటాడనటానికి విన్‌స్టన్ విషయంలో అతను చూపిన న్యాయబుద్ధే సాక్ష్యం.