నిందకు కర్త ఎవరు? కువైట్ సంక్షోభం, రాయచోటి ఓటరు, స్త్రీపర్వ తర్కం

పరదేశంలో జరిగిన యుద్ధానికి స్వదేశంలోని ఓటరు ఎవరిని నిందించాలి? రాజనీతిశాస్త్రానికి చెందినట్లు కనిపించే ఈ ప్రశ్నకు భాషాసాహిత్యాల వైపు నుంచి కూడా సమాధానం వెదకవచ్చు. తెలుగు క్రియ బాధ్యతను మూడు విధాలుగా చెప్పగలదు: ‘చేశాడు’, ‘చేయించాడు’, ‘చేయనిచ్చాడు’. మొదటి రూపం కర్తను, రెండవది ప్రేరకుణ్ణి, మూడవది ఉపేక్షకుణ్ణి చూపుతుంది. రాజకీయ నింద ఈ ముగ్గురినీ ఒక్కరిగా కలిపివేసినప్పుడు ఓటర్ల మధ్య భేదం వైరంగా మారుతుంది. 1990-91 నాటి కువైట్ సంక్షోభాన్ని రాయచోటి వైపు నుంచి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

వర్షాధారపు వేరుసెనగ, తరచు కరవు, పారని ఏరు కలిసి రాయచోటి ప్రాంతాన్ని కువైట్ వలసకు పురికొల్పాయి. మగవారు డ్రైవర్లుగా, కూలీలుగా, ఆడవారు ఇంటి పనివారుగా వెళ్లారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఇక్కడ అది విదేశీ వార్తగా కాక ఇంటి వార్తగా వినిపించింది. నెలనెలా వచ్చే డబ్బు ఆగింది. మనిషి క్షేమం తెలియలేదు. ఈ విభజనను మతంతో కొలవడం కూడా పొరపాటే. ఆక్రమించినవారూ ఆక్రమణకు గురైనవారూ ప్రధానంగా ముస్లిములే. కడప జిల్లా నుంచి వలస వెళ్లినవారిలో హిందువులూ ముస్లిములూ ఉన్నారు.

అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ ఆ ఆగస్టులోనే బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. ఆ ఆలింగనపు ఛాయాచిత్రం విమర్శలకు గురైంది. దురాక్రమణదారుణ్ణి కౌగిలించుకోవడం అధర్మమని ఒక వాదం. అక్కడ చిక్కుకున్న సుమారు లక్షా 70 వేల మంది భారతీయులను రప్పించడానికి మరో దారి లేదని ఇంకొక వాదం. అమ్మాన్ మీదుగా లక్షమందికి పైగా విమానాలలో తిరిగివచ్చారన్నది రెండవ వాదానికి బలం. కౌగిలి ఒక్కటే, కువైట్‌లో తన మనిషి ఉన్న ఇంటికి అది రక్షణ, లేని ఇంటికి అవమానం కాగలదు.

ఆంధ్రప్రదేశ్‌లో నింద మరింత చిక్కుపడింది. కేంద్రంలో నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం. ఆ కూటమి అధ్యక్షుడు ఎన్.టి. రామారావు. రాష్ట్రంలో అధికారం కాంగ్రెస్‌ది. అంటే ఇక్కడి ప్రతిపక్షమే అక్కడి పాలకపక్షం. 1990 నవంబరులో వి.పి. సింగ్ ప్రభుత్వం పడిపోయింది. తరువాత వచ్చిన చంద్రశేఖర్ ప్రభుత్వం 1991 జనవరిలో అమెరికా సైనిక విమానాలకు భారత విమానాశ్రయాలలో ఇంధనం నింపుకోనిచ్చింది. ఆ ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న కాంగ్రెసే దానిని తప్పుపట్టింది. మద్దతు ఇచ్చినవారే నిందించినప్పుడు ఉపేక్షకుడెవరో తేల్చడం కష్టమవుతుంది. ‘నింపుకోనిచ్చింది’ అన్న క్రియలోనే ఆ నింద స్వభావం ఉంది: యుద్ధం చేసినందుకు కాదు, చేయనిచ్చినందుకు.

ఈ నిందకు తెలుగు సాహిత్యంలో ప్రసిద్ధమైన మూలరూపం స్త్రీపర్వంలో ఉంది. తిక్కన తెనిగించిన పర్వాలలో అది ఒకటి. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న గాంధారి చివరకు శపించినది కృష్ణుణ్ణి. అతడు కురుక్షేత్రంలో ఆయుధం పట్టి పోరాడినవాడు కాడు. ఆపగల శక్తి ఉండీ ఆపలేదన్నదే ఆమె అభియోగం. ఆ శోకం నిజం, ఆ అభియోగానికి ఆధారమూ ఉంది. అయితే కొడుకుల కర్తృత్వం ఆమె నిందలో మరుగున పడింది. కృష్ణుని ప్రత్యుత్తరం ఆ లోపాన్నే ఎత్తిచూపుతుంది. దూరంగా ఉన్న కర్తను శిక్షించలేని దుఃఖం చేతికందిన ఉపేక్షకుని మీద పడుతుంది. ఓటు చేసే పని కూడా ఇదే. నాటి రాయచోటి ఓటు సద్దాంను గాని జార్జి బుష్‌ను గాని తాకేది కాదు. ఢిల్లీని, హైదరాబాదును తాకేది.

దీనికి భిన్నమైన మార్గాన్ని ఐక్యరాజ్యసమితి అనుసరించింది. 1991 ఏప్రిల్ నాటి భద్రతామండలి 687వ తీర్మానం నష్టాలకు బాధ్యత ఇరాక్‌దేనని నిర్ణయించింది. జెనీవాలో ఏర్పడిన పరిహార కమిషన్ 2022 నాటికి 5,240 కోట్ల డాలర్లు చెల్లించింది. హక్కుదారులలో భారతీయ కార్మికులూ ఉన్నారు. అక్కడ లెక్కకు వచ్చినది కర్త ఒక్కడే. ఆ సొమ్ము ఇరాక్ చమురు ఆదాయం నుంచి వచ్చింది గనుక, ఆక్రమణ నిర్ణయంలో పాలులేని ఇరాక్ ప్రజలు కూడా దాని భారం మోశారు. ఓటు ఉపేక్షకుణ్ణి మాత్రమే, న్యాయం కర్తను మాత్రమే చూడగా, ప్రేరకుడు రెండింటికీ చిక్కలేదు.

ఎన్నికల ఫలితం నుంచి ఓటరు తీర్పును చదవడంలో జాగ్రత్త అవసరం. రాయచోటి చేరిన రాజంపేట లోక్‌సభ స్థానంలో 1989లోనూ 1991లోనూ కాంగ్రెస్ అభ్యర్థి ఎ. సాయిప్రతాపే గెలిచారు. ఆ రెండవ ఎన్నిక నడుమ రాజీవ్ గాంధీ హత్య జరిగింది. కనుక కువైట్ ఓట్లను మార్చిందనీ మార్చలేదనీ ఈ ఫలితం చెప్పదు. పరిశోధకుడు చూడవలసినది ఓట్ల సంఖ్య కంటే నిందావాక్యం. అందులోని క్రియ ‘చేశాడు’ అంటున్నదా, ‘చేయించాడు’ అంటున్నదా, ‘చేయనిచ్చాడు’ అంటున్నదా అని విడదీసి చదివితే, పోట్లాడుకుంటున్న ఇద్దరు పొరుగువారు చాలాసార్లు ఒకే నేరం గురించి మాట్లాడటం లేదని తేలుతుంది. ఒకరు కర్తను వెదుకుతుంటారు, మరొకరు ఉపేక్షకుణ్ణి. ఆ భేదాన్ని గుర్తించని విమర్శ, వారిలో ఒకరిని దేశద్రోహిగా, మరొకరిని స్వార్థపరునిగా ముద్రవేసే రాజకీయానికే ఉపకరిస్తుంది.