వెనక గది చప్పుడు

పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌ని ముచ్చటపడి బాగుచేయించుకునేవాళ్లు డబ్బు ముందు రంగుకి పోస్తారు, తర్వాత సీట్లకి, ఆ తర్వాత బంపర్లకి. ఇంజను గది వంతు వచ్చేసరికి పర్సు ఖాళీ. మూత వేస్తే ఎవరు చూడొచ్చారని ఒక సమాధానం కూడా సిద్ధంగా ఉంటుంది. ఈ కారు విషయంలో ఆ లెక్క కుదరదు.

2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో చివరిది తయారయ్యేనాటికి లోకంలోకి వచ్చిన బీటిళ్లు 2,15,29,464. ఆ వంశమంతటికీ డిక్కీ ముందు, ఇంజను వెనక. పైగా రేడియేటరు లేదు; గాలితోనే చల్లబడాలి. నీళ్ల ఇంజన్లలో సిలిండర్ల చుట్టూ తిరిగే నీరు కొంత చప్పుడుని మింగేస్తుంది. ఇక్కడ ఆ అడ్డు లేదు. సిలిండర్ల మీది పలచని లోహపు రెక్కలు మోగుతాయి, వాటిమీదికి గాలి తోసే ఫ్యాను ఈల వేస్తుంది, ఇదంతా వెనక సీటులో కూర్చున్నవాళ్ల వీపు వెనకే.

అందుకే కంపెనీవాళ్లు సీటుకీ ఇంజనుకీ మధ్య గోడమీద తారు పట్టించిన మందపాటి అట్ట బిగించారు. దశాబ్దాలు గడిచాక ఆ అట్ట ఎండి పెచ్చులూడుతుంది, వెనక చేరిన చెమ్మతో రేకు తుప్పు పడుతుంది. దానిమీదే కొత్త షీటు అంటించేసే షెడ్లున్నాయి. అలాంటి పనికి డబ్బివ్వకండి. అట్ట మొత్తం పీకి, జిడ్డు కడిగి, తుప్పు గీకి, ప్రైమరూ రంగూ పడ్డాకే మిగతా మాట.

రంగు ఆరాక కూడా షీట్ల జోలికి వెళ్లకుండా ముందు రబ్బర్లు చూడాలి. ఇంజను చుట్టూ ఉన్న నల్లరేకులకీ బాడీకీ మధ్య ఒక లావాటి రబ్బరు బీడింగు ఉంటుంది. వెనక అద్దం కింది గాలి రంధ్రాల నుంచి వచ్చిన చల్లగాలి దానికి పైన, సిలిండర్లను చల్లార్చి వేడెక్కిన గాలి దానికి కింద. బీడింగు చిరిగితే కింది వేడిగాలినే ఫ్యాను మళ్లీ పీల్చుకుంటుంది; ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇంజను ఉడికిపోతుంది. ఆ సందులోంచే సైలెన్సరు మోత కూడా పైకొస్తుంది. గోడలో నూటికి ఒక వంతు సందున్నా సరే, అది ఎంత మందపు గోడైనా మొత్తంమీద 20 డెసిబెల్స్‌కి మించి చప్పుడు ఆపలేదు. స్పార్క్ ప్లగ్గు వైర్లు రేకులోకి దిగేచోట ఉండే చిన్న రబ్బరు మూతల్ని కూడా వదలకూడదన్నది ఇందుకే. చప్పుడుకీ వేడికీ మందు ఒకే చోట దొరికే కారు ఇది.

ఇప్పుడు షీట్లు. గోడరేకుని వేలి కణుపుతో కొట్టి వినండి. టంగుమని సాగితే ఆ రేకు మోగుతున్నట్టు. బ్యూటైల్ రబ్బరు మీద అల్యూమినియం పొర ఉన్న ప్యాడు అక్కడ అంటించి, రోలరుతో గట్టిగా అదిమితే అదే దెబ్బకి టక్కుమని ఆగుతుంది. ఆ పైపొర అందానికి కాదు. రేకుకీ దానికీ మధ్య మెత్తని రబ్బరు నలిగి, కదలికని వేడిగా మార్చేస్తుంది. గోడంతా కప్పనక్కర్లేదు, మోగేచోట పడితే చాలు. చవగ్గా వచ్చే తారు షీట్లు మాత్రం ఇంజను వేడికి మెత్తబడి జారతాయి.

ప్యాడు రేకు మోతని ఆపుతుందే కానీ గాలిలో తిరిగే చప్పుడుని పీల్చుకోదు. దానికి ఫోమ్ కావాలి, కానీ మంట అంటుకోనిది, పైన రేకు పొర ఉన్నది, నూనె పీల్చనిది. పరుపుల దుకాణపు ఫోమ్ పెట్టడమంటే పెట్రోలు పక్కన వత్తి పేర్చుకోవడమే. బీటిల్ క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమం. ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినకొద్దీ ఇంకా మండుతుంది. కాబట్టి పాత పెట్రోలు గొట్టాలు తీసేసి ఇథనాల్‌కి తట్టుకునేవి ఇదే విడతలో వేయించాలి. మన బంకుల్లో ఇప్పుడు దొరికే ఇథనాల్ కలిపిన పెట్రోలుకి ఆనాటి రబ్బరు ఆగదు.

గాలి రంధ్రాల దగ్గర మాత్రం ఏదీ అంటించకూడదు. అంటించిన ప్రతి ముక్కకీ జిగురొక్కటే చాలదు, క్లిప్పో వాషరో ఉండాలి. ఊడిన ముక్కని ఫ్యాను లాక్కుంటే అది పోయి గాలిదారిలో ఇరుక్కుంటుంది. 1970ల ముందు బండ్లలో మూడో సిలిండరుకి వచ్చే గాలికి ఆయిల్ కూలరు ఎలాగూ అడ్డుండేది. దానికి ఇంకో అడ్డు తోడైతే ముందు పోయేది ఆ సిలిండరే.

ఆఖర్న సింగారం. పోటీకి పెట్టే బండికైతే కంపెనీ తరహా తారు అట్టే ఉండాలని పట్టుబట్టేవాళ్లున్నారు. వాళ్ల మాట కాదనను. కొత్త ప్యాడు వేసి దానిమీద ఆ అట్టే బిగిస్తే రెండూ కుదురుతాయి. క్రోమ్ పూసిన రేకుల సెట్లు మాత్రం నాకు నచ్చవు. చవకరకం రేకులు సరిగ్గా కూర్చోవు, కూర్చోని రేకు దగ్గర రబ్బరు పట్టదు. పాత రేకులే దొరికితే సొట్టలు తీయించి, పలచగా నల్లరంగు కొట్టించి, అవే బిగించుకోండి.