కాకువు, ముసుగు, లీకైన ప్రతి: 'మ్యాడ్‌విలనీ' ఆల్బమ్‌లో స్వరపరిణామం

2004 మార్చి 23న అమెరికాలోని స్టోన్స్ త్రో అనే స్వతంత్ర సంస్థ విడుదల చేసిన 'మ్యాడ్‌విలనీ' అండర్‌గ్రౌండ్ హిప్‌హాప్‌లో ప్రామాణిక కృతిగా పేరు పొందింది. 'మ్యాడ్‌విలన్' పేరుతో జతకట్టిన ఇద్దరు కళాకారుల కృతి ఇది. పదరచన, పఠనం ఎం.ఎఫ్. డూమ్‌గా ప్రసిద్ధుడైన డేనియల్ డూమిలేవి; సంగీతం మ్యాడ్‌లిబ్‌గా ప్రసిద్ధుడైన ఓటిస్ జాక్సన్ జూనియర్‌ది. 22 భాగాల ఈ ఆల్బమ్ నిడివి సుమారు 46 నిమిషాలు. పల్లవి దాదాపు లేదు. చాలా భాగాలు మూడు నిమిషాలకు లోపే ముగుస్తాయి.

ఈ కృతికి రెండు పాఠాలున్నాయి. 2002లో మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్లిన రోజుల్లో, పని పూర్తికాని డెమో ప్రతి ఇంటర్నెట్‌లోకి లీకైంది. విడుదలకు ఏడాదికి పైగా ముందే అది శ్రోతల చేతుల్లో పడింది. దానితో కొంతకాలం పని ఆగింది. తిరిగి మొదలుపెట్టినప్పుడు డూమ్ చాలా పాటలను మళ్లీ పఠించాడు. మాటలు చాలావరకు అవే. మారింది గొంతు. డెమోలో హెచ్చుస్థాయిలో, ఉత్సాహంతో ఉరకలెత్తిన పఠనం తుది ప్రతిలో మంద్రానికి దిగి, నింపాదిగా, దాదాపు నిర్లిప్తంగా సాగుతుంది. పదం మారకుండా స్వరం మాత్రమే మారినప్పుడు కావ్యార్థం మారుతుందా అన్నది ఇక్కడ తలెత్తే ప్రశ్న.

భారతీయ అలంకారశాస్త్రానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. కంఠధ్వనిలోని మార్పును ఆలంకారికులు 'కాకువు' అన్నారు. రుద్రటుడు కాకువుపై ఆధారపడిన వక్రోక్తిని శబ్దాలంకారాల్లో చేర్చాడు. రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో దీనితో విభేదించాడు. కాకువు అభిప్రాయంతో కూడిన పఠనధర్మమనీ, అది అలంకారం ఎలా అవుతుందనీ ప్రశ్నించాడు. 'మ్యాడ్‌విలనీ' విషయంలో రాజశేఖరుని దృష్టే ఎక్కువగా వర్తిస్తుంది. కాకువక్రోక్తిలో స్వరం వాక్యార్థాన్ని తలకిందులు చేస్తుంది. డూమ్ తుది పఠనంలో వాక్యార్థం తలకిందులు కాదు; ఆ వాక్యం పలికే మనిషి మారిపోతాడు. డెమోలో వినిపించేది తన నేర్పును నలుగురి ముందు నిరూపించుకోవాలని ఆరాటపడే పోటీదారు గొంతు. తుది ప్రతిలో వినిపించేది గెలుపోటములను పట్టించుకోని ప్రతినాయకుని గొంతు. ఆల్బమ్ పేరులోనే ఉన్న ఆ పాత్ర రెండవ పఠనంలోనే పూర్తిగా రూపుదిద్దుకుంది.

ఆ పాత్రకు జీవితంలో మూలమున్నది. డూమిలే మొదట తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి కె.ఎం.డి. బృందంలో ఉండేవాడు. 1993లో సబ్‌రాక్ కారు ప్రమాదంలో మరణించాడు. మరుసటి ఏడాది ఎలెక్ట్రా సంస్థ ఆ బృందం రెండవ ఆల్బమ్‌ను విడుదల చేయకుండా వదిలేసింది. కొన్నేళ్ల అజ్ఞాతం తర్వాత అతడు కామిక్ పుస్తకాల ప్రతినాయకుడు డాక్టర్ డూమ్‌ను తలపించే లోహపు ముసుగుతో, 1999 నాటి 'ఆపరేషన్: డూమ్స్‌డే' ఆల్బమ్‌తో తిరిగివచ్చాడు. ముసుగు ముఖాన్ని దాచగలదు గాని గొంతును దాచలేదు. 'మ్యాడ్‌విలనీ' తుది ప్రతిలో గొంతుకు కూడా ముసుగు దొరికింది. ఉద్వేగాన్ని అణచిన ఆ మంద్రస్వరమే ఆ ముసుగు.

ఈ మార్పు ప్రాస నిర్వహణలోనూ కనిపిస్తుంది. డూమ్ ప్రాస పాదాంతంలో నిలవదు. పాదం మధ్యలో మొదలై, అనేకాక్షరాల పొడవున సాగి, తర్వాతి పాదంలోకి దొర్లుతుంది. తాళపు దెబ్బకు ఒకచోట ముందు, ఒకచోట వెనుక పడుతుంది. సంగీతశాస్త్ర పరిభాషలో అనాగత, అతీత గ్రహాలను గుర్తుచేసే నడక ఇది. డెమోలోని హెచ్చుస్వరం ప్రాసస్థానాలను ఒత్తి చూపుతుంది. తుది ప్రతిలో ఆ ఒత్తు తగ్గింది. ప్రాసను వెతికి పట్టుకునే పని శ్రోతది అయింది. మళ్లీ మళ్లీ వినవలసిన గుణం ఆల్బమ్‌కు ఇక్కడి నుంచే వచ్చింది.

మ్యాడ్‌లిబ్ సంగీతంతో కలిపి చూసినప్పుడు ఈ నిర్ణయం మరింత సమంజసంగా తోస్తుంది. బ్రెజిల్‌లో హోటల్ గదిలో చిన్న శాంప్లర్, ఒక రికార్డ్ ప్లేయర్ వంటి పరిమిత సాధనాలతో అతడు కొన్ని బీట్లు కట్టాడు. బిల్ ఎవాన్స్ జాజ్, బ్రెజిల్ గీతాలు, స్టీవ్ రైక్ ప్రయోగసంగీతం, పాత చలనచిత్ర సంభాషణలు ఇందులో ముక్కలుగా చేరాయి. పాత రికార్డుల గరగర చాలాచోట్ల అలాగే మిగిలింది. అటువంటి నేపథ్యం మీద హెచ్చుస్వరం పఠిస్తే సంగీతం వెనక్కి పోయి గొంతొక్కటే ముందు నిలుస్తుంది. మంద్రస్వరం ఆ గరగరలో కలిసి, తానూ ఏదో పాత రికార్డు నుంచి తీసిన ముక్కలా వినిపిస్తుంది. పదరచయిత, సంగీతకర్త ఒకే తలంలో నిలిచారు. జంట కృతి అన్న మాట ఇక్కడ సార్థకం.

'ఫ్యాన్సీ క్లౌన్' దీనికి మంచి ఉదాహరణ. ఇందులో డూమ్ తన మరో పాత్ర విక్టర్ వాన్‌గా మాట్లాడుతూ, తన ప్రియురాలు ముసుగు మనిషితో తిరుగుతోందని దూషిస్తాడు. ఆ ముసుగు మనిషి డూమే. తనపై తానే అసూయపడే ఈ కల్పన చమత్కారభరితం. అయినా ఇక్కడొక లోపాన్ని గమనించాలి. రెండు పాత్రలూ ఒక్కడివే కాగా, నింద మాత్రం స్త్రీ మీదనే పడుతుంది. ఆమెకు మాట దక్కదు. ముసుగు కవికి ఇచ్చే స్వేచ్ఛ బాధ్యతను తప్పించుకునే వీలు కూడా ఇస్తుంది.

డెమోలోని చురుకుదనం తుది ప్రతిలో తగ్గిందనే ఆక్షేపణ నిరాధారం కాదు. ఆ తొలి ఉత్సాహానికీ ఒక ఆకర్షణ ఉంది. అయితే చివరి భాగమైన 'రైన్‌స్టోన్ కౌబాయ్'లో తన కృతి పూర్తికాకముందే లీకైన సంగతిని డూమ్ స్వయంగా ప్రస్తావిస్తాడు. అపహరణకు గురైన ప్రతి ఆ విధంగా కృతిలో వస్తువైంది. తుదిపాఠం తొలిపాఠాన్ని తుడిచివేయలేదు, తనలో కలుపుకొంది.

2020 అక్టోబరు 31న డూమ్ మరణించాడు. ఈ జంట నుంచి రావలసిన రెండవ ఆల్బమ్ అతని జీవితకాలంలో వెలువడలేదు. మిగిలిన ఈ ఒక్క కృతి పరిశోధకులకు ఒక పద్ధతిని సూచిస్తున్నది. డెమోను, తుది ప్రతిని కాగితం మీదికి ఎక్కిస్తే తేడా దాదాపు మాయమవుతుంది. వింటే ఇద్దరు వేర్వేరు మనుషులు వినిపిస్తారు. తెలుగు ర్యాప్‌ను పరిశోధనాంశంగా స్వీకరించేవారికైనా, జానపద గేయాల సేకర్తలకైనా ఇది వర్తిస్తుంది. లిఖితపాఠం ఒక్కటే ఆధారమైతే కాకువు జారిపోతుంది. పఠనభేదాన్ని పాఠాంతరంగా గుర్తించి, ధ్వనిముద్రణను మూలప్రతులలో ఒకటిగా పరిగణించడం ఈ రంగంలో పాఠపరిష్కరణకు తొలి మెట్టు.