పశువులపాక వెనుక మట్టి

మట్టిలోని ప్రాణులను బయటకు రప్పించు విద్య చూచుటకు మిక్కిలి సులభమైనది. గరాటుమీద జల్లెడ, జల్లెడపై పిడికెడు మట్టి, దానికి పైన ఒక విద్యుద్దీపము, క్రింద మద్యసారము పోసిన సీసా: ఇంతే సామగ్రి. 1905లో ఇటలీ దేశీయుడగు ఆంటోనియో బెర్లేసే వేడినీటితో నడిపిన ఈ పద్ధతికి, తరువాత స్వీడనుకు చెందిన ఆల్బర్ట్ టుల్‌గ్రెన్ దీపమును చేర్చెను. పైనుండి క్రమముగా ఎండుచున్న మట్టిని విడిచి, తడిని వెదకుకొనుచు దిగిన పురుగులు జల్లెడ రంధ్రములగుండ జారి సీసాలో పడును. దీపము వేడిమి హెచ్చినచో మందగమనముగల మట్టినల్లులు దారి దొరకకమునుపే ఎండి చచ్చును గనుక, ఈ పనిలో తొందర తగదు. మట్టిగడ్డను తలక్రిందులుగా నుంచవలెననునది నేను నేర్చిన మరియొక మర్మము. ఏలయన పైపొరలోని రంధ్రములు పెద్దవి, ప్రాణులు దిగివచ్చుటకు అవియే అనువైనవి.

చిరకాలము ఈ గరాటును నమ్ముకొన్నవాడను గనుక, స్వాల్‌బార్డ్ ద్వీపములలో 78వ ఉత్తర అక్షాంశమునకు ఆవలనున్న బారెంట్స్‌బర్గ్ అను రష్యన్ బొగ్గుగనుల పట్టణములోని మట్టినిగూర్చి స్టీఫెన్ కౌల్సనును, ఆయన సహశాస్త్రజ్ఞులును 2013లో ప్రకటించిన వ్యాసమును ఎంతయో ప్రీతితో చదివితిని. 1932లో సోవియట్లు డచ్చివారివద్ద కొన్న పట్టణమది. అక్కడి సహజమృత్తిక పలుచనిది, నిస్సారము. దాని అడుగున వేసవియందును కరగని ఘనీభూతమైన నేల. అందుచేత హరితగృహములకొరకు దక్షిణ రష్యానుండి మట్టిని సముద్రము దాటించి తెచ్చిరి. వాడిన పిదప దానిని వెలుపల పారవేయగా, పశువులపాకల పేడ అందులో కలిసెను. కాలక్రమమున హరితగృహమును, పాకలును పాడుపడెను. సారవంతమైన ఆ మట్టి మాత్రము అక్కడనే మిగిలెను.

ప్రకృతిశాస్త్రజ్ఞులు సామాన్యముగా మనుష్యుని అడుగు పడని నేలలకై పరితపింతురు. పేడ కలిసిన పారవేతమట్టిలో తెలిసికొనదగినది ఏమున్నదని తలచువారే పెక్కురు. ఆ మట్టినే ఏరికోరి త్రవ్వుట నా దృష్టిలో ఈ పరిశోధకుల గొప్పతనము.

వారు అందులో 46 జాతుల అకశేరుకములను గుర్తించిరి. వానిలో 11 జాతులు స్వాల్‌బార్డ్‌లోని ఇతర ఆవాసములలో కనబడినట్లు దాఖలా లేనివి. బహుశః మనుష్యులవెంట వచ్చినవే. నన్ను ఆశ్చర్యపరచినవి ఆ పదునొకండు కావు, తక్కినవి. బలమైన ఎరువు, చలికాలమందును తక్కిన నేలలకంటె ఎంతో మెరుగైన వెచ్చదనము, ఇన్ని అనుకూలతలున్నను స్థానికజాతుల కూర్పు సహజమైన నేలలలో కనబడుదానికి భిన్నముగా లేదు. వైవిధ్యము పెరిగినదన్నచో ఆ వలసవచ్చినవానివలననే.

నాకు తోచునదేమనగా, ఆ సీమలో బ్రదుకుటకు ముఖ్యముగా కావలసినది సమృద్ధమైన ఆహారము కాదు, శీతమును సహించు నేర్పు. మెగాఫొరురా ఆర్క్టికా అను స్ప్రింగ్‌టెయిల్‌ను చూడుడు. గెంతు పురుగుల వర్గములోనిదయ్యు దానికి గెంతు సాధనము లేదు, కన్నులును లేవు. చలికాలమున చుట్టునున్న నీరు మంచుగా మారగా, తన దేహమందలి నీటిని చర్మముగుండ ఆ మంచునకు వదలి, ముడుచుకొని, ట్రెహలోస్ అను చక్కెరను కూడబెట్టుకొని, గడ్డకట్టుటకు తగినంత నీరే తనలో లేకుండ చేసికొని, ఆ పురుగు వేసవివరకు ప్రాణము నిలుపుకొనును. ఇట్టి జీవికి పేడయెరువు ఒనగూర్చు క్రొత్త భాగ్యమెంత?

క్రొత్తగా వచ్చిన జాతుల సంగతి వేరు. ఆ మట్టి వెచ్చదనమే వానికి ఆశ్రయమైనచో అవి అక్కడనే ఆగిపోవచ్చును; కానిచో టండ్రాలోనికి ప్రాకవచ్చును. ఆ మట్టి అంచునుండి టండ్రావైపు కొంతకొంత దూరమున నమూనాలు తీసి, ఏది ఎంతవరకు పోయినదో ఏటేట లెక్కించువారుండవలెనని నా గాఢమైన కోరిక. ఆ పనికి గరాటు, దీపము, వేసవి వేసవికి తిరిగివచ్చు ఓపికగల మనుష్యులు చాలును.