కదలని మనిషిలో బరువెక్కడ?

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, చూస్తూ గీసిన బొమ్మను ఎలా అంచనా వేయాలి? మన బడుల్లో ముఖం పోలిక వచ్చిందా, నీడలు నున్నగా రుద్దారా, కాగితం శుభ్రంగా ఉందా అని చూసి మార్కులు వేస్తున్నారు. ఈ పద్ధతిలో మన పిల్లలు నష్టపోతున్నారని మా అభిప్రాయం.

కదలకుండా ఉన్న మనిషి కూడా తన ఒంటి బరువును ఎక్కడో ఒకచోట మోస్తూనే ఉంటాడు. ఒక కాలి మీద బరువు వేసి నిలబడినవారిని గమనించండి. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి వాలుతుంది. గొంతు గుంట నుంచి రాయి కట్టిన దారం వేలాడదీస్తే అది బరువు మోసే పాదం దగ్గరికే దిగుతుంది. బొమ్మకు ఇదే మొదటి పరీక్ష. ఇది తప్పితే ముఖం ఎంత చక్కగా కుదిరినా మనిషి గాలిలో వేలాడుతున్నట్టే ఉంటాడు.

రెండోది కొలత. పెద్దవాళ్ల ఎత్తు తలకు సుమారు 7.5 రెట్లు, ఏడాది బిడ్డకు సుమారు 4 రెట్లు అని నేర్పుతారు. అది నిలబడ్డ మనిషి లెక్క. మన పెద్దలు గొంతుక్కూర్చుంటే మోకాళ్లు చంకల దాకా వస్తాయి. ఎదుటి నుంచి చూస్తే తొడ కురచగా కనబడుతుంది. అలా కనబడినదాన్ని అలాగే గీసిన పిల్లవాడికి 'కాళ్లు పొట్టి' అని మార్కులు కోయడం అన్యాయం. దిద్దే ముందు గురువు కూడా ఆ భంగిమను చూడాలి.

మా పిల్లలు వేసిన రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూశాం. ఒకదానిలో అవ్వ మెడలోని పూసలు, ముక్కుపోగులు, పచ్చబొట్లు అన్నీ ఉన్నాయి. కానీ చేతులు ఒళ్లో ఎండుపుల్లల్లా పడి ఉన్నాయి. రెండోదానిలో పోలిక లేదు, గీతలు చెరిపి చెరిపి గీసినవి. అయినా అవ్వ నేలకు అదిమిన అరచేయి, దానివల్ల పైకి లేచిన భుజం చూస్తే ఆమె అలిసిపోయిందని తెలుస్తోంది. మెప్పు మొదటిదానికి దొరికింది. మా లెక్కలో రెండోదే మేలైన బొమ్మ. బయటివాళ్లు మనల్ని గీసేటప్పుడు నగలను లెక్కపెట్టి, మణికట్టును వదిలేయడం తరచూ చూస్తున్నాం. మన పిల్లలు దాన్నే మనల్ని చూసే పద్ధతిగా నేర్చుకోవడం మాకు బాధ కలిగిస్తోంది.

వేరే దారీ ఉంది. రామ్‌కింకర్ బైజ్ 1938లో శాంతినికేతన్‌లో చేసిన 'సంతాల్ కుటుంబం' శిల్పంలో కావడి మోసే భుజం, బిడ్డను ఎత్తుకున్న నడుము ముందు కనబడతాయి. మన తెలుగునాట దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, 28 ఏళ్లయినా నిండకుండా పోయారు. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో రంగుల చిత్రాలతోపాటు పెన్సిలు గీతలూ ఉన్నాయి. నేర్చుకునేవారికి అలాంటి గీతలే ఎక్కువ ఉపయోగం. చెయ్యి ఎక్కడ వెతుక్కుందో వాటిలో తెలుస్తుంది. కాబట్టి చెరిపి గీసిన గీతకు మార్కులు తగ్గించకండి.

ఇంకొక మాట. సవరల గోడ బొమ్మల్లో, వర్లీ బొమ్మల్లో త్రికోణాలే ఒళ్లు. వాటిని 7.5 రెట్ల కొలతతో తూచకూడదు. అక్కడ ఒక్క మనిషి ఒళ్లు కంటే పదిమంది కలిసి చేసే పని ముఖ్యం. అలాగని, చూడకుండా గీసిన బొమ్మను 'ఇది మన సంప్రదాయం' అంటూ వెనకేసుకు రాకూడదు. ఎదురుగా మనిషి కూర్చున్నాక ఆ మనిషిని చూడాల్సిందే.

కూర్చోవడమూ కష్టమైన పనే. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మెడ వాలుతుంది. ఇరవై నిమిషాలకొకసారి విరామం ఇవ్వండి. బొమ్మ కింద గీసినవారి పేరుతోపాటు, ఒప్పుకుంటే, కూర్చున్నవారి పేరు కూడా రాయించండి. ఆ బొమ్మను ముందుగా వారికే చూపించి, 'ఇలాగే కూర్చున్నావా?' అని అడగండి. మార్కులు ఆ తర్వాత వేద్దాం.