ఉతుకులోంచి పుట్టిన జీన్స్

కొత్త జీన్స్ ప్యాంటు కాలి అంచు ఒకసారి మడిచి చూడండి. పైన ముదురు నీలం, లోపల దాదాపు తెలుపు. డెనిమ్‌లో నీలిరంగు అద్దేది పడుగు దారానికే, పేక తెల్లగానే ఉంటుంది. ఆ పడుగులోనూ రంగు పైపొరను పట్టుకుని ఆగిపోతుంది, దారం నడిమి భాగం దాకా వెళ్లదు. పైపొర అరిగేకొద్దీ లోపలి తెలుపు బయటపడుతుంది. జీన్స్ పాతబడేకొద్దీ అందం పెరిగేది అందుకే. మెల్బోర్న్‌లో ఇద్దరు అన్నదమ్ములు తమ బ్రాండ్‌ను నిలబెట్టుకున్నది ఈ పైపొర మీదే.

వాళ్లు జాన్ కాండిలిస్, నిక్ కాండిలిస్. 1999లో ఫిట్జ్‌రాయ్‌లో డెనిమ్ ఉతికే చిన్న లాండ్రీతో మొదలుపెట్టారు. వాళ్ల బ్రాండ్ నోబడీ డెనిమ్ పుట్టింది అక్కడే.

ఫ్యాషన్ వ్యాపారంలో ఇది తలకిందుల వరస. మామూలుగా డిజైన్ గీసేవాళ్లది ముందు పీట, కుట్టేవాళ్లది ఆ తర్వాత, ఉతికేవాళ్ల పేరు అసలు వినపడదు. కానీ మిషన్ మీంచి దిగిన జీన్స్ అట్టముక్కలా బిరుసుగా ఉంటుంది. దాన్ని ఒంటికి నప్పే బట్టగా మార్చేది ఉతుకే. ప్యూమిస్ రాళ్లు వేసి తిప్పాలా, ఎంజైములతో మెత్తబరచాలా, ఎంతసేపు? తొడల దగ్గర ముడతల గీతలు కావాలంటే కాలిని ఒక మూస మీదికి ఎక్కించి, ఉప్పుకాగితంతో గీత గీతగా రుద్దాలి. రెండు రుద్దులు ఎక్కువైతే గుడ్డ పలచబడిపోతుంది, తక్కువైతే గీత తేలదు. డిజైనర్ జీన్స్ అనిపించుకునే దాంట్లో సగం డిజైన్ ఇక్కడే జరుగుతుంది. ఈ పని చేతికి తెలిసినవాళ్లు బ్రాండ్ పెట్టడంలో గొప్ప న్యాయం ఉంది.

ఈ అరుగుదల కోసమే ఒకప్పుడు చాలా దేశాల్లో జీన్స్ మీద ఇసుక చిమ్మేవారు. టర్కీలో ఆ ధూళి పీల్చి కుర్రవాళ్లు సిలికోసిస్‌తో చనిపోయాక, 2009లో అక్కడి ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. ఉతికే చోటు యజమాని కళ్లెదుట ఉండాలనడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

మెల్బోర్న్‌కు జీన్స్ కొత్త కాదు. క్రెయిగ్ కింబర్లీ 1970లో చాపెల్ స్ట్రీట్‌లో తొలి జస్ట్ జీన్స్ దుకాణం తెరిచారు. యారావిల్‌లో బ్రాడ్‌మిల్ అనే మిల్లు డెనిమ్ నేసేది. కుట్టుమిషన్ల ముందు గ్రీసు, ఇటలీ, ఆ తర్వాత వియత్నాం నుంచి వలస వచ్చిన ఆడవాళ్లు కూర్చునేవారు. 1973లో ఆస్ట్రేలియా ప్రధాని విట్లామ్ ప్రభుత్వం దిగుమతి సుంకాలను ఒక్కసారిగా పావు వంతు తగ్గించింది. ఆ తర్వాతా తగ్గుతూనే వచ్చాయి. దుస్తుల మీద సుంకం 2005లో 17.5 శాతం, 2010లో 10, 2015లో 5. చౌక సరుకు ముంచెత్తింది. బ్రాడ్‌మిల్ మూతపడింది. చాలా బ్రాండ్లు కుట్టుపనిని సముద్రం దాటించాయి.

కాండిలిస్ సోదరులు మాత్రం మెల్బోర్న్‌లోనే కుట్టించారు, థార్న్‌బరీలో కార్ఖానా నడిపారు. ఎథికల్ క్లోతింగ్ ఆస్ట్రేలియా గుర్తింపు తీసుకున్నారు. ఆ గుర్తింపు ఊరికే రాదు. కత్తిరింపు దగ్గర్నుంచి ఇంట్లో కూర్చుని కుట్టే మనిషి దాకా ఎవరికెంత కూలి ముడుతోందో కార్మిక సంఘం తనిఖీ చేస్తుంది. ఇంటి దగ్గర ముక్కకింత చొప్పున కుట్టేవాళ్లే అందరికన్నా ఎక్కువ మోసపోతారు కాబట్టి ఈ ఏర్పాటు మొదలైందే వాళ్ల కోసం.

మనకు దగ్గర్లో బళ్లారి ఉంది. కన్నడంతో పాటు తెలుగూ ఇంటింటా వినిపించే ఆ ఊళ్లో కుటుంబాలకు కుటుంబాలే జీన్స్ కుట్టి బతుకుతాయి. చేతిపనికి కొదవ లేదు. లేనిది నలుగురికీ తెలిసిన సొంత పేరు. పైగా వాషింగ్ యూనిట్ల మురుగునీరు ఊరికి ఏళ్లనాటి బెడద. మెల్బోర్న్ అన్నదమ్ములు చేసింది బళ్లారి అన్నదమ్ములకు చేతకానిది కాదు. మురుగునీటి శుద్ధికి ప్రభుత్వం తోడు నిలవాలి, వ్యాపారులు పేరు మీద పెట్టుబడి పెట్టాలి.

మెల్బోర్న్‌లో, సిడ్నీలో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక మనవి. ఈసారి జీన్స్ కొనేటప్పుడు లోపలి లేబుల్ చదవండి. ఎక్కడ కుట్టారు, ఎక్కడ ఉతికారు అని దుకాణంలో అడగండి.