మానవ స్వభావం అనే సాకు

‘కన్యాశుల్కం’ ఇప్పటికీ ఎందుకు నిలిచి ఉందని అడిగితే మన సాహిత్య విద్యార్థుల దగ్గర ఒక సిద్ధమైన జవాబు ఉంటుంది. కన్యాశుల్కమనే దురాచారం పోయినా ఆ నాటకంలోని లోభం, డాంబికం, మూర్ఖత్వం పోలేదట. అవి మానవ స్వభావంలోని శాశ్వత దోషాలు గనుక నాటకం కూడా శాశ్వతమయిందట. పాఠ్యగ్రంథాల పీఠికల్లో, పరీక్ష పత్రాల్లో, వర్ధంతి సభల్లో ఈ మాట ఎంతగా వినబడుతుందంటే, దాన్ని పరీక్షించి చూడాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. నేను పరీక్షించదలచుకున్నాను. ఎందుకంటే ఇది ఒక్క నాటకానికి సంబంధించిన మాట కాదు. మన వ్యంగ్య రచనకు అసలు గురి ఏమిటన్న ప్రశ్న ఇందులో ఉంది.

ఈ జవాబు పైకి గురజాడను పొగుడుతున్నట్టే ఉంటుంది. లోపల చేసే పని వేరు. దోషం స్వభావానిదైతే దానికి ఎవరూ బాధ్యులు కారు. గాలికీ వానకూ ఎవరు బాధ్యులు? లోభిని చూసి నవ్వుకుంటాం, లోకమింతే అనుకుంటాం, ఇంటికి పోతాం. ఆ లోభం వల్ల ఎవరు అమ్ముడుపోయారు, ఎవరు లాభపడ్డారు అన్న లెక్క తీయవలసిన పని ఉండదు. ఇటువంటి నవ్వుకు పాలకులు ఏ కాలంలోనూ భయపడలేదు. ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టారు.

ఒక్క గుణాన్నే తీసుకుని చూద్దాం. లోభం. వేమన దగ్గర నుంచి మన వాళ్ళు ఎక్కువగా తిట్టిన గుణం ఇదే. శాశ్వతమైన గుణానికి ఉదాహరణ కావాలంటే ఇంతకన్న మంచిది దొరకదు. మూడు నాటకాల్లో ముగ్గురు లోభులను పక్కపక్కన నిలబెడతాను.

మొదటివాడు ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ సృష్టించిన అర్పగాన్. 1668లో ప్యారిస్‌లో ప్రదర్శించిన ‘లోభి’ నాటకంలో ముఖ్యపాత్ర. పదివేల నాణేలు తోటలో పాతిపెట్టుకుని వాటి చుట్టూ తిరుగుతూ ఉంటాడు. వడ్డీ వ్యాపారి. ఒక దశలో తాను అన్యాయమైన వడ్డీకి అప్పు ఇవ్వబోతున్నది తన సొంత కొడుకుకే అని తెలియక బేరం సాగిస్తాడు. కూతురిని వయసు మళ్ళిన ధనికుడికి ఇవ్వాలని చూస్తాడు. కారణం ఒక్కటే: ఆ వరుడు కట్నం అడగలేదు.

రెండవవాడు మన లుబ్ధావధాన్లు. పేరులోనే లోభం ఉంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెరిగి మారి మళ్ళీ వచ్చిన నాటకంలో ఈయన వరుడు. పైసా పైసా లెక్క చూసే ఈ ముసలివాడు పెళ్ళికూతురి తండ్రికి 1800 రూపాయలు పోయడానికి ఒప్పుకుంటాడు. అంతకన్న తక్కువకు ఇంకో పిల్ల దొరుకుతుందనగానే మొదటి సంబంధం వదులుకుంటాడు. కరటకశాస్త్రి పన్నాగం ఫలించింది ఈ ఒక్క బలహీనత మీదనే. మగపిల్లవాడికి ఆడవేషం వేసి అమ్మగలిగాడంటే, కొనేవాడి చూపంతా ధర మీదనే ఉండటం వల్ల.

మూడవవాడు కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’లోని సింగరాజు లింగరాజు. 1920 దశకం తొలి సంవత్సరాల నాటకం. లింగరాజు కూడా పిసినారే, వడ్డీలు లెక్కపెట్టుకునేవాడే. కాని ఈయన వరుడి పక్షాన కూర్చుని పెళ్ళికూతురి తండ్రి దగ్గర కట్నం గుంజుతాడు. ఆ బేరానికి కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల ఆ పెళ్ళే చేసుకుని, డబ్బిచ్చి కొన్న సరుకు మీద కొన్నవాళ్ళకే హక్కు అంటూ బేరాన్ని తిరగేస్తుంది.

ముగ్గురి గుణం ఒకటే. అది నేను కాదనను. అయితే ముగ్గురూ నిలబడ్డ చోటు చూడండి. ఒకడు కూతురికి కట్నం ఎగ్గొట్టి మిగుల్చుకుంటాడు. ఒకడు పిల్లను కొనడానికి డబ్బు పోస్తాడు. ఒకడు కొడుకు పేరున డబ్బు పుచ్చుకుంటాడు. లుబ్ధావధాన్లకూ లింగరాజుకూ మధ్య ముప్పై ఏళ్ళకు మించి లేదు. ఒకే భాష మాట్లాడే వాళ్ళలో, దాదాపు ఒకే సామాజిక వర్గంలో, ఆ కొద్ది కాలంలోనే డబ్బు పారే దిక్కు తిరగబడింది. స్వభావం శాశ్వతమైతే ఈ దిక్కు ఎందుకు మారింది? ముప్పై ఏళ్ళలో మనుషుల స్వభావం తలకిందులయిందని ఎవరూ అనలేరు. మారింది సంత. ఇంగ్లీషు చదువుకూ సర్కారు ఉద్యోగానికీ విలువ పెరిగిన కొద్దీ వరుడికి ధర పలికింది. అగ్రహారపు మాన్యాలకూ వేదపాఠానికీ విలువ తగ్గింది. లోభం ఆ ధరల వెంట నడిచింది, అంతే.

గురజాడకు ఇది తెలుసు. తెలుసనడానికి సాక్ష్యం నాటకం కన్న ముందు దాని మొదటి కూర్పు పీఠికలో ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడనీ, అందులో మూడేళ్ళకు 1034 పెళ్ళిళ్ళు తేలాయనీ గురజాడ రాశాడు. సగటున ఏడాదికి 344. వధువుల్లో 99 మంది ఐదేళ్ళవాళ్ళు, 44 మంది నాలుగేళ్ళవాళ్ళు, 36 మంది మూడేళ్ళవాళ్ళు, ఆరుగురు రెండేళ్ళవాళ్ళు, ముగ్గురు ఏడాది పిల్లలు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకు కూడా బేరాలు కుదిరేవట.

ప్రహసనం రాయబోయే రచయిత ఎవడైనా పీఠికలో మనుషుల బలహీనతల గురించి నాలుగు నీతివాక్యాలు రాస్తాడు. గురజాడ ధరల పట్టీ ఇచ్చాడు. నా దృష్టిలో తెలుగు వ్యంగ్యానికి అసలైన పునాది ఆ పట్టీయే. దాన్ని చదివిన తరువాత అగ్నిహోత్రావధాన్లు ముక్కోపం ఒక మనిషి తాలూకు చేష్టగా కనబడదు. మొదటి కూతురు బుచ్చమ్మ వితంతువై ఇంట్లో కూర్చుని ఉండగా, రెండవ కూతురిని ముసలివాడికి అమ్మజూస్తున్నాడు ఆయన. పక్కనే వ్యాజ్యాల పిచ్చి. ఆ కోపం, ఆ మూర్ఖత్వం అన్నీ ఆ పట్టీలో ఒక వరుసకు చెందినవి. నవ్వు వస్తుంది. నవ్వుతూనే 1034 అన్న అంకె గుర్తుకొస్తుంది.

ఇంకొకటి. లుబ్ధావధాన్లు లోభి అని అందరూ అంటారు గాని, నాటకం పొడుగునా ఆయన దగ్గర డబ్బు గుంజుకుంటున్నవాళ్ళ మాట ఎవరూ ఎత్తరు. రామప్పపంతులు మధ్యవర్తిత్వం చేసి తింటాడు. కొన్న పెళ్ళికూతురు మాయమై హత్యానేరం మీదపడేసరికి పోలీసులు, సాక్షులు, కోర్టు చుట్టూ తిరిగే మనుషులు ఆయన మీద వాలుతారు. ఒక ముసలి పిసినారి దోషం ఎంతమందికి జీవనాధారమయిందో గురజాడ వరుసగా చూపిస్తాడు. అందుకే ఆయన వ్యంగ్యం వ్యక్తి దగ్గర ఆగిపోదు. ఈ దారిలోనే తరువాత అదే విశాఖపట్నం నుంచి రావిశాస్త్రి వచ్చాడు. ‘ఆరు సారాకథలు’ తాగుబోతు స్వభావం మీద రాసినవి కావు. మద్యనిషేధ చట్టం ఎవరెవరికి భుక్తి కల్పిస్తుందో, ఎవరిని బోనెక్కిస్తుందో కోర్టులో వకీలుగా నిలబడి చూసిన మనిషి రాసినవి.

ఇంతవరకు చెప్పినదాంతో మన శిబిరంలో చాలామంది ఏకీభవిస్తారు. ఇప్పుడు చెప్పబోయేది అంత రుచించకపోవచ్చు. స్వభావవాదాన్ని వదిలించుకున్నామన్న ధీమాతో మనం ఇంకో సుళువు దారి పట్టాం. మన వ్యంగ్య కథల్లో షావుకారుకు పొట్ట ఉంటుంది, కరణానికి గుంటనక్క చూపు ఉంటుంది, నాయకుడికి తెల్లటి ఖద్దరు ఉంటుంది. వాళ్ళు రంగం మీదికి రాగానే పాఠకుడికి సంగతి తెలిసిపోతుంది. వర్గం పేరు పెట్టగానే విశ్లేషణ పూర్తయిందనుకుంటాం. ఇది కూడా స్వభావవాదమే. మానవ స్వభావం స్థానంలో షావుకారు స్వభావం పెట్టాం. ఆ షావుకారు ఈ ఏడు ఎవరికి ఎంత వడ్డీకి ఇచ్చాడు, పంట ఏ ధరకు కొన్నాడు, తను ఏ బ్యాంకు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు అన్నది కథలో ఉండదు. పట్టీ లేని చోట పొట్ట మిగులుతుంది. పొట్టను చూసి నవ్వడానికి అభ్యుదయ రచయిత అవసరం లేదు.

గిరీశాన్ని చూడండి. అతను మోసగాడని తెలిసీ తెలుగు పాఠకుడు నూరేళ్ళకు పైగా అతన్ని ప్రేమిస్తున్నాడు. దీన్ని గురజాడ వైఫల్యంగా లెక్కగట్టేవాళ్ళున్నారు. నాకలా తోచదు. ఆస్తి లేదు, ఉద్యోగం లేదు. ఉన్నదల్లా కొత్తగా ధర పలుకుతున్న ఇంగ్లీషు మాటలు. వాటితోనే శిష్యుడిని సంపాదించాడు, అగ్రహారంలో భోజనం సంపాదించాడు, సంస్కరణ ఉపన్యాసాలతో బుచ్చమ్మను లేవదీసుకుపోయాడు. వితంతు వివాహం అనే మంచి మాట కూడా సంతలో సరుకు కాగలదని అతను నిరూపించాడు. మాటలు అమ్ముకుని బతికే చదువుకున్నవాడిని చూసి మనం నవ్వుతున్నామంటే, ఆ నవ్వులో మన వాటా ఎంతో మనకు తెలుసు. రచయితల సంఘం పత్రికలో ఈ మాట రాయడం నాకు అవసరమనిపించింది.

అంతటితో ఆగక గురజాడ సౌజన్యారావు పంతులును కూడా వదలలేదు. నాటకంలో పేరుకు తగిన మంచివాడు ఆయనే. వేశ్యలను కంటితో చూడనని నియమం పెట్టుకున్నవాడు. అటువంటివాడి ఎదుట మగవేషంలో మధురవాణి నిలబడి, లుబ్ధావధాన్లను విడిపించే సమాచారానికి బదులుగా ఒక ముద్దు అడుగుతుంది. ఆ ఘట్టంలో కత్తి ఎవరి మెడ మీద ఉందో గమనించాలి. సంస్కర్త మంచితనం అబద్ధం కాదు. కాని అది మధురవాణిని మనిషిగా చూడలేని మంచితనం. చివరికి ఆయన నియమాన్ని కాపాడింది కూడా ఆయన అసహ్యించుకున్న మనిషే. గురజాడ తాను మెచ్చిన ఉద్యమంలోని మనిషినే ఇలా తూచాడు. మన వ్యంగ్య రచనల్లో మన సౌజన్యారావులు ఎక్కడ? సభలో స్త్రీ సమానత్వం మాట్లాడి, ఇంట్లో కొడుకు పెళ్ళికి ‘వాళ్ళే సంతోషంగా ఇచ్చారు’ అనే మనవాడి మీద ఎన్ని కథలు వచ్చాయి?

ఈ ప్రశ్న ఊరికే వేయడం లేదు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. 1986లో వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా శిక్షాస్మృతిలో చేర్చవలసి వచ్చింది. ఇప్పటికీ కట్నం పోలేదు. పెట్టుబడి అంటారు, కానుక అంటారు, పిల్ల పేరున స్థలం అంటారు. డాక్టరుకు ఒక ధర, విదేశంలో ఉద్యోగం ఉన్నవాడికి ఒక ధర. ఈనాటి పట్టీ ఇంకా ఎవరూ రాయలేదు. హాస్య కథల్లో మాత్రం అత్తగారి నోరు, మామగారి పిసినారితనం, అల్లుడి అలక పుష్కలంగా ఉన్నాయి.

కనుక వ్యంగ్యం రాయబోయే యువరచయితలకు నేను చెప్పదలచింది చిన్న మాట. ఒక మనిషిలో దోషం కనబడగానే దానికి పేరు పెట్టి ఊరుకోవద్దు. దాని ధర కనుక్కోండి. ఎవరు చెల్లిస్తున్నారు, ఎవరు పుచ్చుకుంటున్నారు, మధ్యలో ఎవరు తింటున్నారు అని లెక్క తీయండి. ఆ లెక్కలో మన పేరు వచ్చే వరుస ఉంటే దాన్ని కొట్టివేయకండి. అంతవరకు చేసిన తరువాత మనుషులను ఎంత నవ్వించినా ఫరవాలేదు. ఆ నవ్వు విని ముందు వరుసలో ఎవరెవరు చప్పట్లు ఆపారో చూస్తే, రాసినది వ్యంగ్యమో కాదో తెలిసిపోతుంది.